మాలతి కోసం నౌకాదళం

ఫిరంగి పేలగానే నౌకాదళం బయలుదేరాలి. అది పేలకముందే కెప్టెన్ మహేంద్ర కోటు జేబులో ఫోన్ మోగింది.

ఆక్లండ్‌కు ఉత్తరాన అదొక చిన్న అఖాతం. విక్టోరియా రాణి కాలంలో అక్కడి మూలవాసులైన మావోరీలతో జరిగిన యుద్ధంలో అవతలి ఒడ్డు కోటలో తెల్లవాళ్లు చిక్కుకుపోతే, నౌకాదళం వెళ్లి ఆదుకుంది. ఇప్పుడు ఏటా రెండు పక్షాల వారసులూ కలిసి ఆ కథను నటించి చూపిస్తారు. ఈసారి నావికులు తక్కువయ్యారని నగరంలో బోటనీ డౌన్స్ పేట తెలుగువాళ్లను పిలిచారు. రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చునే డజను మంది నీలం కోట్లు తొడుక్కుని తెడ్లు పట్టారు.

ఫోన్ చేసింది మరదలు ఉషశ్రీ. ఆమె ఇల్లు అవతలి ఒడ్డున, కోట వెనకే.

"బావా, మాలతికి తెల్లారినప్పటినుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది. కొండచరియ పడి రోడ్డు బ్లాక్ అయింది. డాక్టర్ నిరుపమగారు ప్రోగ్రాం చూడ్డానికొచ్చి మీ ఒడ్డునే ఉండిపోయారు. ఎలాగైనా తీసుకురండి."

తల్లి లేని మాలతిని ఉషశ్రీయే సీసాతో పాలు పట్టి పెంచింది. ఇది తొలిచూలు. హెలికాప్టర్ పంపమని అడిగితే, కుదరదని మర్యాదగా చెప్పారట.

నిరుపమ ఐస్‌క్రీమ్ తింటోంది. విషయం వినగానే దాన్ని పక్కావిడ చేతిలో పెట్టి, కారులోంచి బ్యాగు తెచ్చుకుంది. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పడవెక్కి, కోటలోవాళ్ల కోసం వేసిన పిండి బస్తాల మధ్య కూర్చుంది. ఎంతసేపు పడుతుందని అడిగింది.

"ప్రోగ్రాం ప్రకారమైతే రెండు గంటలండీ. మధ్యలో యుద్ధం ఉంది" అన్నాడు మహేంద్ర.

"యుద్ధం మానెయ్యండి. తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదం."

ఫిరంగి పేలింది. కంగారులో తెడ్లు ఒకదానికొకటి తగులుకుని, పడవ ముందుకు పోకుండా గిర్రున తిరిగింది. ఒడ్డున జనం ఈలలు వేశారు. రెండో ప్రయత్నంలో కదిలింది.

సగం దూరం వెళ్లేసరికి మావోరీల యుద్ధపడవ అడ్డం వచ్చింది. కథ ప్రకారం అది వీళ్లను వెనక్కి తరమాలి. దాని నాయకుడు విరెము కళ్లు పెద్దవి చేసి, నాలుక చాచి గర్జించాడు. మహేంద్ర కత్తి దించి సంగతి చెప్పాడు. విరెముది ఉషశ్రీ పక్కిల్లే, మాలతి అంటే ప్రాణం. అతని నాలుక లోపలికి వెళ్లిపోయింది.

మరుక్షణం ఆ పడవలోంచి తాడు వచ్చి పడింది. శత్రువులు ముందుండి లాగుతుంటే నౌకాదళం నీళ్ల మీద ఎగురుకుంటూ పోయింది. నిరుపమ ఒక చేత్తో బ్యాగునూ ఇంకో చేత్తో కెప్టెన్ టోపీనీ పట్టుకుంది. మైకులో వ్యాఖ్యాత గొంతు సవరించుకుని, చరిత్రలో ఈ ఘట్టం తనెక్కడా చదవలేదని ఒప్పుకున్నాడు.

కోట తలుపులు తెరుచుకున్నాయి. ఆకలితో మాడుతున్నట్టు నటిస్తున్నవాళ్లంతా చేతులు చాచి ఎదురొచ్చారు. నౌకాదళమూ శత్రువులూ వాళ్లను పలకరించకుండానే ముందు గుమ్మంలో దూరి, వెనక గుమ్మంలోంచి పరుగెత్తారు. తమను రక్షించాల్సినవాళ్లు ఎటు పోతున్నారో తెలియక కోటలోవాళ్లు కూడా వెంటపడ్డారు.

ఉషశ్రీ గేటు దగ్గరే ఏడుస్తూ నిలబడి ఉంది. నిరుపమ మోచేతుల దాకా చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. కాసేపటికి తల బయటపెట్టి, బలమైనవాళ్లు ఇద్దరు కావాలంది. మహేంద్ర, విరెము వెళ్లారు.

బయట అందరూ టోపీలు తీసేశారు. మావోరీ పెద్దావిడ ఒకామె మెల్లగా ప్రార్థన మొదలుపెట్టింది. మాటలు తెలియకపోయినా తెలుగువాళ్లు చేతులు జోడించారు.

చాలాసేపటికి మహేంద్ర బయటికొచ్చాడు. కోటు నిండా నెత్తురు, ముఖం నిండా నవ్వు.

"ఆడపిల్ల" అన్నాడు.

రెండు సైన్యాలూ ఒకరినొకరు వాటేసుకుని వేసిన కేకలకు, లోపల మాలతి దూడను నాకడం ఆపి, తలెత్తి "అంబా" అంది.