సంచులాయన

"ఏమ్మా, నీ మొక్కలకు ఆకుముడత వచ్చింది, తెలుసా?"

ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌస్ గుమ్మంలో ఎవరో పెద్దమనిషి ముఖం గంటు పెట్టుకుని నిలబడ్డాడు.

టమాటా మొక్కల మధ్య చతికిలబడి ఉన్న ఆమె తలెత్తింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"తెలుసండీ. పొద్దుట్నుంచీ దానికోసమే ఏడుస్తున్నాను."

ఆయన ఏదో అనబోయి మింగేశాడు. లోపలికొచ్చి ఒక కొమ్మ కదిపాడు. పిండి జల్లించినట్టు తెల్లదోమ లేచింది.

"మందులు అమ్మడానికి వచ్చారా?"

"కాదు. సంచులున్నాయా?"

ముడుచుకుపోయిన మొక్కకు ప్లాస్టిక్ సంచి తొడిగాడు. అడుగున మూతి బిగించి, వేళ్లతో సహా పీకాడు.

"ఊరికే పీకితే దోమ లేచి పక్క మొక్క మీద వాలుతుంది. వాలిన చోటల్లా రోగం అంటిస్తుంది."

"పూత మీదున్న మొక్కండీ..."

"ఈ రోగానికి మందు లేదు తల్లీ. దీని మీద జాలిపడితే మిగతావి దక్కవు."

అంతలో అత్తగారు టీ పట్టుకుని వచ్చింది.

"ముందు ఇది తాగు తమ్ముడూ. మా కోడలు ఏడుపు మొదలెడితే ఓ పట్టాన ఆపదు."

ఆయన ముఖంలో గంటు విడిపోయింది.

మర్నాటి నుంచి సంచులు ఆయనే తెచ్చేవాడు. జబ్బు మొక్కలు తీసేవాడు, దోమ అంటుకునే పసుపు జిగురు అట్టలు వేలాడదీసేవాడు. అత్తగారు ఆయనకు సంచులాయన అని పేరు పెట్టేసింది. ఇద్దరూ చెరోవైపు కూర్చుని, పాలీహౌస్ చుట్టూ చినిగిన దోమతెర కుట్టేవారు.

"అక్కా, నీ కుట్టులో దోమేం ఖర్మ, దూడ దూరుతుంది."

"నా చూపు ఆనదురా. నీ కుట్టుకేం వచ్చింది రోగం?"

వాళ్ల నవ్వులు వింటుంటే ఆమెకూ చేతులు ఆడేవి. ఒకరోజు కడుపులో మాట కక్కేసింది.

"అంతా ఆ వెనక పాలీహౌస్ వాడి వల్లేనండీ. వాడి తోటలోంచే వచ్చింది ఈ దోమ. వాడి ముఖమైనా చూడలేదు గానీ, ఎదురుపడనీ, కడిగేస్తాను."

సంచులాయన సూదిలో దారం ఎక్కిస్తూ, "కడగాల్సిందేనమ్మా," అన్నాడు.

క్రమంగా జిగురు అట్టల మీద దోమ పలచబడింది. కొత్త ఆకులు ముడత లేకుండా విచ్చుకున్నాయి. కాయ రంగు తిరిగేవేళకు ఆయన రావడం మానేశాడు.

మొదటి పళ్లు కోస్తే అత్తగారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. "తమ్ముడికి పెట్టందే నా గొంతు దిగదు. ఇన్నాళ్లూ టీ పోశాం గానీ, ఇల్లెక్కడని అడిగామా? చూసిరా, పో."

ఆమె బుట్ట పట్టుకుని వాకబు చేస్తూ వెనక పాలీహౌస్ దాకా వచ్చింది. లోపల ఒక్క మొక్క లేదు, ఉత్త మట్టి. ఒకావిడ ఖాళీ కుండీలు ఆటోలోకి ఎక్కిస్తోంది.

"సంచులు పట్టుకుని తిరిగే పెద్దాయన... మీకేమైనా తెలుసా అండీ?"

"మా ఆయనే. ఎక్కడో పని దొరికితే నిన్ననే వెళ్లిపోయారు."

"ముందున్న తోట మాదేనండీ, ఇవి తొలి పళ్లు," అంటూ ఆమె బుట్ట ముందుకు చాపింది.

ఆవిడ ఒక పండు తీసుకుని వాసన చూసింది.

"మీ తోటన్నా బతికింది, పోనీలే. మీ చినిగిన తెరలోంచి వచ్చిన దోమకు మా లేతమొక్కలు ఒక్కటీ మిగల్లేదమ్మా. ఆ వేళ మిమ్మల్ని దులిపేసి వస్తానని బయల్దేరిన మనిషి, 'పాపం, చిన్నపిల్ల, ఏడుస్తోందే' అంటూ తిరిగొచ్చి, మర్నాటి నుంచి మా ఇంట్లో సంచులన్నీ మీకే మోశారు."