మణికట్టు మీద నాలుగు మాటలు

"గోల్ కొడితే కొట్టు గానీ, ఆ మనిషి దగ్గరికి మాత్రం వెళ్ళకురా," అంది ఆంకె.

మాల్టె బ్రెడ్డు మీద వెన్న రాసుకుంటున్నాడు. పందొమ్మిదేళ్ళవాడు. పెద్దల జట్టులోకి వచ్చి ఆరు వారాలైంది. ఈ మధ్యాహ్నం మూడున్నరకి ఫుట్‌బాల్ ఆట. ఎదుటి జట్టు ఎవరిదో కాదు, పదిహేనేళ్ళప్పుడు తనని బయటికి పంపిన పాత క్లబ్బుదే.

"వెళ్తే ఏమవుతుందమ్మా?"

"పసుపు కార్డు చూపిస్తారు. వాళ్ళ జనం ఊరుకోరు. సీసాలు విసురుతారు. కంటికి తగిలితే?"

"నీ లెక్కలో ఏదైనా కంటికే తగులుతుంది."

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ మనిషి పేరు గ్రాబిట్స్. అప్పట్లో కుర్రాళ్ళ జట్టుకి కోచ్. ఏటా వసంతంలో కుర్రాళ్ళని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, వచ్చే ఏడు ఉంచుకుంటారో లేదో చెప్పేస్తారు. మాల్టె వంతు వచ్చినప్పుడు గ్రాబిట్స్ కిటికీలోంచి బయటికి చూస్తూ నాలుగే మాటలన్నాడు.

"నీకు ఆట రాదు. ఇంటికెళ్ళు."

ఆ నాలుగు మాటలే మాల్టెని పెంచాయి. ఊరవతల చిన్న క్లబ్బులో చేరాడు. మంచు కురుస్తున్నా, బురద పాదాలని పట్టుకున్నా ఒక్కడే పరిగెత్తాడు. ప్రతి ఆటకి ముందూ మణికట్టుకి తెల్ల టేపు చుట్టుకుని, దాని మీద ఆ మాటలే రాసుకుంటాడు. కిందటి వారం ఒక పత్రికాయన ఆ టేపు ఫోటో తీసి, ఇదేమిటని అడిగాడు. మాల్టె అంతా చెప్పాడు. పేరుతో సహా. పిల్లల నడుం విరిచే మనిషి అన్నాడు. అదంతా పత్రికలో వచ్చింది.

ఇప్పుడు గ్రాబిట్స్ ఆ క్లబ్బులోనే పెద్దల జట్టుకి సహాయ కోచ్. సొంత జనమే అతన్ని ఛీ కొడుతున్నారు. ఉంచాలో తీసెయ్యాలో సోమవారం క్లబ్బు పెద్దలు తేలుస్తారు. ఎవరెంత అడిగినా అతను ఒక్క ముక్క మాట్లాడలేదు.

"నోరు పెగలడం లేదు చూశావా," అన్నాడు మాల్టె. "సోమవారం వాడూ ఇంటికెళ్తాడు."

"ఆయనకి యాభై దాటాయిరా. ఇంకెవరు పెట్టుకుంటారు?"

"అప్పుడు నాకు పదిహేను. నామీద ఎవరు జాలిపడ్డారు?"

ఆంకె బల్ల మీది బ్రెడ్డు పొడి అరచేతిలోకి తీసుకుంది. ఈ ఆట ఆడుతూనే మాల్టె తండ్రి మోకాలు పోగొట్టుకున్నాడు. ఉద్యోగం లేదు, నడక లేదు. తాగి తాగి ముప్పై ఎనిమిదికే పోయాడు. అప్పటినుంచీ ఫోన్ మోగితే చాలు, ఆమెకి ఆస్పత్రే గుర్తొస్తుంది.

తొమ్మిదింటికి ఆమె పనిచేసే బేకరీలోకి, రోజూ వచ్చే ముసలి పాఖుల్కె వచ్చాడు. మెడకి పాత క్లబ్బు నీలి మఫ్లరు.

"ఏమ్మా, మీవాడు ఇవాళ మావాళ్ళని నమిలేస్తాడటగా? నాలుగు బన్నులు ఎక్కువ వెయ్యి, ఏడుస్తూ తింటాం."

"ఎవరూ కొట్టరు కదండీ?"

"మీవాణ్ణా? కొట్టాలంటే ముందు అందాలి కదా."

తను అడిగింది మాల్టె గురించి కాదని ఆమె చెప్పలేదు. బన్నులు సంచిలో వేసి ఇచ్చింది.

ఇన్నేళ్ళలో ఆంకె ఒక్క ఆటకీ వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళింది. రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూర్చుంది.

డెబ్భై ఎనిమిదో నిమిషంలో మాల్టె గోల్ కొట్టాడు.

పాత క్లబ్బు మీద గోల్ కొట్టినవాడు సంబరం చేసుకోడు. రెండు చేతులూ కాస్త పైకెత్తి, తలవంచుకుని వెనక్కి నడుస్తాడు. అది అక్కడి మర్యాద. మాల్టె అలా చెయ్యలేదు. మైదానం అడ్డంగా పరిగెత్తి గ్రాబిట్స్ ముందు ఆగాడు. టేపు పీకి అతని కాళ్ళ దగ్గర విసిరాడు. స్టేడియం అంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ఇంటికెళ్ళు! ఇంటికెళ్ళు!"

గ్రాబిట్స్ వంగి ఆ టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. మాల్టె వంక చూడలేదు. తలెత్తి, ఆటగాళ్ళ ఇంటివాళ్ళు కూర్చునే వైపు చూశాడు.

ఆట అయ్యాక, స్టేడియం వెనక బస్సు దగ్గర, మాల్టె అతనికి అడ్డంగా నిలబడ్డాడు. ఆంకె పరుగున వచ్చి కొడుకు మోచెయ్యి పట్టుకుంది.

"పోదాం పదరా. చలిగా ఉంది."

"ఉండమ్మా. ఏం కోచ్ గారూ, ఆట వచ్చిందా నాకు?"

"నీకు ఎప్పుడూ వచ్చు," అన్నాడు గ్రాబిట్స్.

"ఉద్యోగం పోతుందంటే మాట మారిందే."

"మారలేదు. ఆ ఏడు క్లబ్బు హాస్టల్లో పెట్టి తయారు చెయ్యాల్సిన వాళ్ళ జాబితాలో మొదటి పేరు నీదే. నా చేత్తో రాశాను."

"మరెందుకు పంపేశావు?"

గ్రాబిట్స్ భుజం మీది సంచి సర్దుకున్నాడు.

"సోమవారం మీ క్లబ్బు పెద్దలడిగితే చెప్తావా?" అన్నాడు మాల్టె.

"చెప్పను."

"చెప్పడానికేదైనా ఉంటే కదా."

బస్సు డ్రైవరు ఒకసారి హారన్ కొట్టి ఊరుకున్నాడు. స్టేడియం దీపాలు ఒక్కొక్క వరసే ఆరిపోతున్నాయి.

ఆంకె కొడుకు మోచెయ్యి వదిలేసి అంది: "నువ్వూ మీ నాన్నలా అయిపోతావేమోనని, నీకు ఆట రాదని చెప్పి పంపెయ్యమని ఆయన ఇంటికెళ్ళి ఏడ్చింది నేనేరా."