ఫోన్లో హోరు

"ఎక్కడున్నవ్?" అని అడిగింది మమత.

"ఢిల్లీలనే ఉన్న. జంతర్ మంతర్ కాడ. ఇసుకేస్తే రాలనంత జనం!"

పచ్చి అబద్ధం. మొగుడి గొంతు వింటూనే మమతకు ఒళ్ళు మండింది.

"వెనక ఏందా హోరు?"

"చెప్పిన కదా, జనం. జై తెలంగాణ అని ఒక్క తీరుగ ఒర్రుతున్నరు."

జనమట, జనం! అది నది హోరు. హిమాచల్ కొండల్లో, చైనా సరిహద్దుకు ఈవల, సాంగ్లా లోయలో ఉరికే బస్పా నది. ఆ చప్పుడు మమతకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? మాదాపూర్ ఆఫీసులో మధ్యాహ్నం బాక్సు తింటూ ఆ లోయ వీడియోలు ఎన్నిసార్లు చూసిందని!

పెళ్ళయిన కొత్తలో మాటిచ్చాడు కుమార్, ఆ లోయకు ఇద్దరం కలిసే పోదామని. ఆ తర్వాత ప్రతి వేసవికీ ఒక సాకు. చివరికి ఉద్యమం దొరికింది. "తెలంగాణ రానీ, మరునాడే సాంగ్లా" అనేవాడు. ఈ పిచ్చిది నమ్మింది. కూకట్‌పల్లి సర్కారు బడిలో పంతులాయన, సకల జనుల సమ్మెలో ఉన్నాడు, ఢిల్లీ ధర్నాకు పోతానంటే దారిలో తినడానికి మురుకులు చేసి మరీ సాగనంపింది.

"నువ్వేం చేస్తున్నవ్? తిన్నవా?" కుమార్ మాట మార్చాడు.

"ఏం చేస్త? ఆఫీసు పనే."

మమత కంపెనీకి అదొక అలవాటు. బంద్ అన్నా, బస్సులు ఆగినా, పని ఆగకూడదని ఉద్యోగులను ఆఫీసు పక్కనే గెస్ట్‌హౌస్‌లో పెట్టేది. వారం దాకా ఇంటికి రానని మమత కుమార్‌కు ముందే చెప్పింది.

"మీ టీమ్ లీడ్ అజయ్ ఒక్కరోజన్న సెలవియ్యడా? గీ సమ్మెల గూడ చాకిరీనా?"

"ఇయ్యడు."

"ఆగు, నీ దగ్గర గూడ ఏదో హోరు ఇనొస్తున్నది?"

"జనరేటర్. సింగరేణి బొగ్గు బంద్ అయినంక ఇగ కరెంటెక్కడిది?"

అప్పుడే ఫోన్లో కిలకిలమని ఒక ఆడగొంతు. "కుమార్, జల్ది రా! ఫొటో దిగుదాం, మబ్బు కమ్ముతున్నది."

"ఎవరది?"

"ధర్నాకొచ్చిన టీచరమ్మ. సిగ్నల్ లేదు, పెడుతున్న!"

ఫోన్ కట్ అయింది. మమత కిటికీ రెక్క పట్టుకుని నిలబడింది.

తనకు చూపిస్తానన్న నది! తనతో నడవాల్సిన ఒడ్డు! దాన్ని ఇంకో ఆడదానికి చూపిస్తున్నాడు. ఎంత నమ్మకద్రోహం! ఇన్నేళ్ళ కాపురాన్ని ఇట్లా గంగలో కలుపుతాడా? ఇప్పటికిప్పుడు వెళ్ళి చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. అడుగు మాత్రం ముందుకు పడలేదు.

"కిటికీలకెల్లి గంతసేపు ఏం చూస్తున్నవ్, నది అవతల ఫొటో దిగుతున్న ఆ జంటనా?" అంటూ హోటల్ గది మంచం మీద నుంచి లేచి వచ్చిన అజయ్ ఆమె నడుం చుట్టూ చెయ్యి వేశాడు.