చెవిగారి తీర్పు

నల్ల కారు మళ్ళీ వచ్చింది. దాన్ని చూడగానే బాక్సు మాస్టారికి నీరసం వచ్చేసింది.

ఇరవై ఏళ్ళుగా ఆయన కార్ల డిక్కీల్లో పెట్టే, డుబ్ డుబ్‌మని మోగే వూఫర్ బాక్సులు చేస్తున్నాడు. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఆ మాట కొట్టు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు కూడా. ఈ కారు బాక్సు మాత్రం పది రోజుల్లో మూడోసారి తిరిగొచ్చింది.

కారు ఓనరు కళ్ళజోడు కుర్రాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఇంకోటి పెట్టుకున్నాడు.

"ఇంకా నచ్చలేదా?" అన్నాడు మాస్టారు.

"నాకు బాగానే ఉంది మాస్టారూ. మా ఇంట్లో ఒకరున్నారు. వాళ్ళ చెవికే ఎక్కడం లేదు."

ఆ ఒకరు ఎవరంటే కుర్రాడు నసిగాడు. ఇంతకుముందు వెళ్ళిన కొట్టులో చెబితే అందరూ పగలబడి నవ్వారట. ఇంకెక్కడా చెప్పదలచుకోలేదట. చేసేది లేక మాస్టారే ఆ మనిషికి చెవిగారు అని పేరు పెట్టేశాడు.

చెవిగారి సంగతులు వింటుంటే మాస్టారికి ఒళ్ళు మండింది. లోలోపల కాస్త భయం కూడా వేసింది. సౌండు రెండో నంబరు దాటకూడదట. పాట మొదలైన అర నిమిషంలో తీర్పు వచ్చేస్తుందట. నచ్చకపోతే ఏం బాగోలేదో చెప్పరట. మొహం కందగడ్డలా చేసుకుని ఇల్లు పీకి పందిరి వేస్తారట. ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదట.

రెండో నంబరులో బాక్సుకి వంక పెట్టడమంటే మాటలా? సంగీతం బాగా తెలిసిన పెద్దమనిషి అయి ఉంటాడని మాస్టారు తేల్చుకున్నాడు. మామగారేమో. అల్లుడి కొంప అంటుకోవాలంటే మామగారే కావాలి.

బాక్సు మొదటిసారి తిరిగొచ్చినప్పుడు మాస్టారు వూఫర్ విప్పి, లోపల దిండు దూది కూరాడు. అలా చేస్తే చిన్న బాక్సు కూడా కాస్త పెద్దదానిలా మోగుతుంది. చెవిగారికి నచ్చలేదు. రెండోసారి ఆ దూది పీకేసి, లోపల చెక్కముక్కలు బిగించి జాగా తగ్గించాడు. దెబ్బ బిగువుగా, గట్టిగా పడింది. అది విన్నాక చెవిగారు తాగిన పాలు కూడా కక్కుకున్నంత పని చేశారట.

మాస్టారి భార్య కుట్టుమిషను దగ్గర బాక్సులకు చుట్టే గుడ్డ కుడుతోంది. తల ఎత్తకుండానే అంది.

"ఏవండీ, ఆ బాక్సు సైజు ఎటూ కుదిరేలా లేదు. మీ పొగరు సైజు కాస్త తగ్గించుకుని, వాళ్ళకి ఏం కావాలో అడగండి."

అడిగాడు. కుర్రాడు నిట్టూర్చి అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ పాత కారులో ఒక బాక్సు ఉండేదట. ఆఫీసుకి పోను గంట, రాను గంట. నాలుగు నెలలు చెవిగారు అదే విన్నారట. ఈమధ్యే ఆ కారుతోపాటు బాక్సునీ అమ్మేశారు. ఆ బాక్సు డిక్కీ నిండా ఉండేదట, చేతిసంచి పెట్టడానికి కూడా చోటుండేది కాదట. వెనక చెక్క ఊడి వేలు దూరేంత సందు ఉండేదట.

మాస్టారు తల పట్టుకున్నాడు. అలాంటి బాక్సు చేసేవాణ్ణి చూస్తే ఆయన ఆమడ దూరం జరుగుతాడు. ఇప్పుడు తనే చెయ్యాలి. గోడ మీద రాత వైపు ఒకసారి చూసుకుని రంపం అందుకున్నాడు. బాక్సు వీపు కోసి, అయిదంగుళాలు పెంచాడు. చెక్కముక్కలు తీసేశాడు. ఒక అతుకుకి కావాలనే జిగురు పెట్టలేదు. ఆ పని చేస్తున్నప్పుడు ఎవరూ చూడకుండా కొట్టు తలుపు ఓరగా వేయించాడు.

పాట పెట్టారు. డుబ్... డుబ్... డుబ్.

"ఇదేం పాటయ్యా? నీళ్ళతొట్టిలో తల ముంచి పక్కింటి పాట విన్నట్టుంది," అన్నాడు మాస్టారు ఏడుపు మొహంతో.

కుర్రాడి మొహం వెలిగిపోయింది. అచ్చం ఇదేనన్నాడు.

"సరే, తీసుకెళ్ళు. నచ్చకపోతే గోడ మీద రాత నేనే చెరిపేసుకుంటాను. నచ్చితే మాత్రం ఆ చెవిగారిని నా కళ్ళకి చూపించాలి."

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పెద్దమనిషిని నాలుగు మాటలు అడగాలని నిలబడి నాలుగుసార్లు వల్లె వేసుకున్నాడు. భార్య నవ్వాపుకోలేక గుడ్డ అడ్డం పెట్టుకుంది.

నల్ల కారు మెల్లగా వచ్చి ఆగింది. కుర్రాడు దిగుతూనే మాస్టారిని వాటేసుకున్నాడు. ఈసారి తల దువ్వుకుని ఉన్నాడు, చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయి.

"నచ్చింది మాస్టారూ," అన్నాడు గుసగుసగా. "నాలుగు వీధులు తిప్పాం. కిక్కురుమంటే ఒట్టు."

మాస్టారికి కాళ్ళు నేల మీద ఆనలేదు. అడగాలనుకున్న నాలుగు మాటలూ ఎగిరిపోయాయి. గబగబా కారు దగ్గరికి నడిచాడు. స్టీరింగు ముందు కుర్రాడి భార్య కూర్చుని ఉంది. ఓహో, ఈవిడా అనుకుని రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, మీ చెవికో దండం."

ఆమె నవ్వి, పెదాల మీద వేలు పెట్టుకుంది. నేను కాదన్నట్టు కళ్ళతో వెనక సీటు చూపించింది. మాస్టారు అద్దం మీద దుమ్ము అరచేత్తో తుడిచి, వంగి చూశాడు.

అమ్మ కడుపులో ఉండగా నాలుగు నెలలు విన్న ఆ డుబ్ డుబ్ వింటూ, సీటుకి బెల్టుతో బిగించిన బుట్టలో, ఇంకా నలభై రోజులైనా నిండని చెవిగారు బొటనవేలు నోట్లో పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు.