మిరియాలు లేని కప్పు

చాయ్ లాటేలో ఇవాళ మిరియాలు పడకూడదని ఆమె తన చేతికి తానే చెప్పుకుంది. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ఆ డబ్బా మీదికే పోతోంది.

కౌంటర్‌కు అవతల, కిటికీ పక్క బల్ల దగ్గర ఆయన కూర్చున్నాడు. నల్ల కళ్లద్దాలు, బల్లకు ఆనించిన తెల్ల కర్ర. పక్కన డ్రైవరు, డ్రైవరు ముందు ఒక నోటుబుక్కు.

ఆయన తలుపు తోసుకుని లోపలికి వచ్చినప్పుడే ఆమె గుర్తుపట్టింది. ఈ మూడేళ్లలో నాలుగు ఊళ్లు మారింది. జుట్టు కత్తిరించుకుంది. పేరు మార్చుకుంది. ఈ కాఫీ షాపులో అందరికీ ఆమె చాయక్క, అంతే. ఇంత చేసినా ఆయన వచ్చి పది అడుగుల దూరంలో కూర్చున్నాడు.

చూపు లేని మనిషికి అంత భయమెందుకు అనిపించొచ్చు. ఆయనకు చెవులున్నాయి, ముక్కుంది, అన్నిటికన్నా నాలుక ఉంది. ఆమె ఒక్క మాట మాట్లాడితే చాలు, పట్టేస్తాడు.

"ఈ ఊళ్లో ఇది ఐదో షాపు మేడమ్," డ్రైవరు మేనేజరమ్మతో చెబుతున్నాడు. "నెల రోజులుగా ఊళ్లు పట్టుకు తిరుగుతూనే ఉన్నాం. ఎక్కడికెళ్లినా సారుకి చాయ్ లాటేనే కావాలి. ఎలా ఉందో నేను రాసిపెడతా. ఇదిగో చూడండి. పొద్దున మొదటి షాపులో దాల్చినచెక్క తప్ప ఇంకేం లేదు. రెండోది ప్యాకెట్ పొడి, వేడినీళ్లు. ఆ తర్వాతది నురగే నురగ, కింద చాయ్ ఎక్కడుందో వెతుక్కోవాలి."

మేనేజరమ్మ నవ్వింది. "మా చాయక్క చేతిది తాగండి. ఆ పుస్తకం ఇక మూసేయొచ్చు."

ఆమె గబగబా స్టవ్ వైపు తిరిగింది.

పొద్దున్నే కాచిపెట్టిన డికాక్షన్ జాడీని గోడ వైపు నెట్టేసింది. దంచిన మిరియాలు, తొక్కతో వేయించిన యాలకులు, చిటికెడు సోంపు. ఆమె చేతి గుట్టంతా ఆ జాడీలోనే ఉంది. విడిగా ఇంత టీ పొడి మరిగించి, గుప్పెడు చక్కెర పోసింది. పాలు నురగ కట్టే గొట్టం బుస్సుమంటే ఉలిక్కిపడింది. కప్పును ట్రేలో పెట్టి, తీసుకెళ్లమని మేనేజరమ్మకు సైగ చేసింది.

ఆయన కప్పును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క గుక్క తీసుకుని, నాలుక మీద తిప్పి, జేబురుమాల్లోకి ఉమ్మేశాడు.

"సారు ఎక్కడా మింగరు," డ్రైవరు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. "ఏమీ అనుకోకండి."

"ఇది కాదు," అన్నాడాయన. "చక్కెర నీళ్లని రాసుకో."

మెత్తని గొంతు. ఎన్నడూ పెద్దగా అరిచి ఎరగని గొంతు.  గండం గడిచిందనుకుంది ఆమె.

గడవలేదు. మేనేజరమ్మ రుసరుసలాడుతూ వచ్చింది.

"ఏమైంది అక్కా ఇవాళ నీకు? షాపు పరువు తీశావు కదా! జరుగు."

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. వద్దని తలూపింది. నోరు విప్పడానికి లేదు. మేనేజరమ్మ ఆ చేతిని పక్కకు తోసి, జాడీ లాక్కుని, తానే పాలు పోసి రెండో కప్పు పట్టుకెళ్లింది.

కప్పు పైకి లేచింది. పెదవులకు తగిలింది. అక్కడే ఆగిపోయింది.

ఆయన కప్పును ఒక్కసారిగా దూరం నెట్టాడు. చాయ్ ఒలికి చొక్కా మీద పడింది. రుమాలు తడుముకుని నోరు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. మళ్లీ.

"ఇది చేసినావిడ ఎక్కడుంది?"

"అంత నచ్చిందా సార్?"

"ఈ రుచి నేను చచ్చేదాకా మర్చిపోను. ఆవిడ నా భార్య. పిలవండి."

మేనేజరమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. కప్పులు కడిగే తొట్టి పక్కన చాయక్క గోడకు అతుక్కుపోయి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మేనేజరమ్మ గబగబా లోపలికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఈయన దగ్గర్నుంచేనా పారిపోయి వచ్చావు?"

ఆమె తలూపింది.

"కొట్టేవాడా?"

ఆమె తల దించుకుంది.

మేనేజరమ్మకు అంతే చాలు. ఆవిడ సొంత చెల్లెలు అలాంటి కాపురమే చేసి, చివరికి శవమై పుట్టింటికి వచ్చింది.

"వెనక తలుపు తీసే ఉంది. పో అక్కా. ఇక్కడి సంగతి నేను చూసుకుంటా."

ఆమె సందులోకి పరిగెత్తింది. చెప్పు తెగితే అక్కడే వదిలేసింది. "ఆవిడ పోయిన వారమే మానేసింది సార్," అంటున్న మేనేజరమ్మ గొంతు, దాని వెనకే కర్ర నేలకు తగిలే చప్పుడు. ఆమె ఇక ఆగలేదు. బస్టాండులో కదులుతున్న బస్సు కనబడితే ఎక్కేసింది. ఎటు పోతుందో కూడా అడగలేదు.

పక్క సీట్లో ఉన్న పెద్దావిడ మంచినీళ్ల సీసా చేతికిచ్చింది.

"ఎవరైనా తరుముతున్నారా తల్లీ?"

"మా ఆయన," అంది ఆమె. ఆయన షాపులోకి వచ్చినప్పట్నుంచీ అదే ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట.

"వాడి మొహం మండ! ఊరు వదిలి పారిపోయేంత పాపం నువ్వేం చేశావమ్మా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

మూడేళ్ల కిందట ఆమె విషం కలిపి చేతికిచ్చిన చాయ్ తాగి అత్తగారు, మామగారు, ఆడపడుచు ఆ పూటే పోగా, కళ్లు మాత్రమే పోగొట్టుకుని బతికి బయటపడ్డవాడు ఆయనొక్కడే.