సేటు వేషం

“రాండి అన్నా, లోపలికి రాండి. గాడనే నిలబడ్డరేంది?” అంటూ అనూరాధ గుమ్మంలో తొంగిచూస్తున్న మనిషిని దాదాపు లాక్కొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది.

అతడి పేరు శ్యామ్‌సుందర్. చొక్కా నిండా నూనె మరకలు. ముంజేతి మీద పెనం కాల్చిన మచ్చ.

“నేను మల్లేష్ కోసం...” అన్నాడు.

“మల్లేష్ దోస్తా? ఇంకా మంచిది.”

వెనక వరుసలో ఉన్న మల్లేష్ బిత్తరపోయి లేవబోయాడు. మళ్లీ కూర్చున్నాడు.

అనూరాధకు ఆరోజు ఎవరి మాటా పూర్తిగా వినే తీరిక లేదు. తక్కువ జీతాల కార్మికులకు హక్కులు నేర్పే ఆమె కేంద్రం అబిడ్స్‌లో ఒక బట్టల కొట్టు మీద, కిరాయి గదిలో నడుస్తోంది. నిధులిచ్చే సంస్థ నుంచి విద్యాసాగర్ చూడటానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితేనే వచ్చే ఏడాది గ్రాంటు. లేదంటే గదికి తాళం. ఈ నిధులిచ్చేవాళ్లకు ఒక్క ఖాళీ కుర్చీ కనబడితే చాలు, మనసు విరిగిపోతుంది.

విద్యాసాగర్ వచ్చాడు. వస్తూనే ఆయన చూపు నూనె మరకల చొక్కా మీద పడింది.

“ఎక్కడ మీ పని?”

“నాంపల్లిల, సార్. టిఫిన్ సెంటర్.”

“పొద్దున ఎన్నింటికి మొదలు?”

“తెల్లారకముందే.”

“సెలవులు?”

“ఒక్కటి గూడ ఉండదు సార్.”

చెప్పినవన్నీ నిజాలే. అయినా శ్యామ్‌సుందర్ చెవులు సిగ్గుతో వేడెక్కాయి. విద్యాసాగర్ జాలిగా తలాడించాడు.

ఇలాంటి శిక్షణల్లో ఒక చిన్న నాటకం తప్పదు. ఒకరు కార్మికుడు, ఒకరు సేటు. కార్మికుడు భయపడకుండా అడగడం నేర్చుకోవాలి.

“మల్లేష్, నువ్వు సేటువి. ఈ అన్న నీ దగ్గర పనోడు. అమ్మకు బాగలేదని సెలవు అడుగుతడు,” అంది అనూరాధ.

“నాతోని కాదు మేడం,” అన్నాడు మల్లేష్.

“నేను పోత మేడం, పనుంది,” అన్నాడు శ్యామ్‌సుందర్.

అందరూ నవ్వారు. “గింత భయమైతే ఎట్ల అన్నా?” అంది పక్క కుర్చీలో ఉన్న ఒకామె.

ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“అమ్మ దవాఖానల ఉంది. రెండు దినాలు సెలవు కావాలె,” అన్నాడు శ్యామ్‌సుందర్ నేలకేసి చూస్తూ.

“మంచిది, పోండి,” అన్నాడు మల్లేష్.

గది ఘొల్లుమంది.

“గసుంటి సేటు ఏడ దొరుకుతడు?” అంది అనూరాధ. “నీ సేటు నిన్ను ఎట్ల అన్నడో గట్లనే అను.”

మల్లేష్ కళ్లు మూసుకున్నాడు.

“దవాఖానల డాక్టర్లు లేరా? నువ్వు పోయి సూదులేస్తవా? పొద్దుగాల గిరాకీ నడుమ గీ గిన్నెలు మీ అమ్మొచ్చి తోముతదా? పోతే పో. మళ్ల నా గడప తొక్కకు.”

ఎవరూ నవ్వలేదు.

జవాబుగా “సెలవు నా హక్కు” అనాలి. అనూరాధ పెదవులు కదిపి అందిస్తూనే ఉంది. శ్యామ్‌సుందర్‌కు భూమి చీలితే బాగుండనిపించింది. రెండు చేతులతో మొహం కప్పుకుని, అంతమంది ముందు వెక్కివెక్కి ఏడ్చాడు.

విద్యాసాగర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎంత అవమానం దిగమింగితే మనిషి ఇలా అవుతాడు! ఈ పని ఆగకూడదు అనూరాధగారూ. గ్రాంటు సంగతి నాకు వదిలేయండి.”

చప్పట్లు మోగాయి. అనూరాధ ఆనందం పట్టలేక శ్యామ్‌సుందర్ చేతులు పట్టుకుంది. “అంతా మీ వల్లనే అన్నా!”

ఆ మాటకు అతడు ఇంకా కుంగిపోయాడు. ఇచ్చిన చాయ్ ముట్టకుండానే బయటికి నడిచాడు.

అతడు సగం మెట్లు దిగేసరికి వెనక నుంచి మల్లేష్ పరుగున వచ్చాడు. దగ్గరికి రాలేక పైమెట్టు మీదే ఆగి, చేతులు కట్టుకుని అడిగాడు:

“సేటూ, రేపటి సంది నన్ను పనికి రానిస్తరా?”