రొట్టె మీద బొటనవేలు

“ఆ రొట్టెల కథ ఒక్కటి ఆపితే, ఏడాది అద్దె తనే కడతారట.”

సంఘం సెక్రటరీ ఈ మాట ఆమె చెవిలో ఊది చుట్టూ చూశాడు. హాలు నిండుతోంది. గుమ్మం దగ్గర బల్ల మీద చందాల డబ్బా ఉంది. పక్కనే ఆడవాళ్లు కుట్టిన సంచులు, టీ కెటిల్, ఆమె పొద్దున్నే కాల్చి తెచ్చిన రొట్టెలు. ప్రతి రొట్టె నడుమా బొటనవేలితో నొక్కిన గుంట.

“ఎవరు?” అంది రొట్టెలక్క. అక్కడ అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

సెక్రటరీ గడ్డంతో ముందు వరుస చూపించాడు. పెద్ద బజారులో రొట్టెల కొట్టు అయ్యగారు. చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, డాక్టరు పిలుపు కోసం కూర్చున్నవాడిలా బిగుసుకుని ఉన్నాడు.

ఆ వయసులో, ఈ నిటారు మెట్లెక్కి ఆయన వస్తాడని ఆమె అనుకోలేదు.

ఆ సంఘం పని ఒక్కటే. రంగు చూసో, పుట్టుక చూసో జనం తక్కువ చేసిన మనుషుల కథలు పోగుచేయడం. వాటిని బళ్లలో, ఆఫీసుల్లో, బస్సు డిపోల్లో చెప్పడం. దానికో కట్టుబాటు ఉంది. కథ ఎవరిదో వాళ్లు, చెప్పేవాళ్లకు ఎదురుగా కుర్చీలో కూర్చుంటారు. ఒళ్లో ఎర్ర రుమాలు ఉంటుంది. అది పైకెత్తితే కథ అక్కడికక్కడే ఆగాలి, మాట సగంలో ఉన్నా సరే. ఉప్పూ కారం చల్లడానికి వీల్లేదు. ఏడుస్తుంటే ఫొటోలు తీయడానికి అసలే వీల్లేదు.

హాలు అద్దె కోసమే ఈ సాయంత్రం చందాలు. రాకపోతే నెలాఖరుకి తలుపుకు తాళం.

“నేను ఆపమనను,” అన్నాడు సెక్రటరీ నీళ్లు నములుతూ. “కథ నీది. రుమాలు నీ చేతిలో ఉంది. కానీ హాలే పోతే, రేపు ఇంకొకరి కథ ఎక్కడ చెప్తామమ్మా?”

“ఆ మాటేదో నాతోనే చెప్పొచ్చుగా ఆయన?”

“నీతో మాట్లాడేదేం లేదన్నారు.”

ఆమె నవ్వింది. “అది పాత అలవాటేలెండి.”

కథ చెప్పేది కండక్టరక్క. వెనక సీటు దాకా వినపడే గొంతు. కథ అడగడానికి రొట్టెలక్క గదికి చాలాసార్లు వచ్చింది. జీతమెంత అని అడిగితే, జీతం లేదు, తిండీ బట్టా చూసేవారు అంది రొట్టెలక్క. మరి అన్నేళ్లు ఎందుకున్నావు, వదిలేసి పోలేకపోయావా అంటే, ఎక్కడికి పోను అంది. కండక్టరక్కకు కళ్లు చెమర్చాయి. ఇంకేమైనా ఉందా అని అడిగితే, “ఉంది. అది నా దగ్గరుంటుంది,” అంది. కట్టుబాటు కట్టుబాటే. కండక్టరక్క మళ్లీ అడగలేదు.

దీపాలు తగ్గించారు. రొట్టెలక్క వెళ్లి కుర్చీలో కూర్చుంది. అయ్యగారు కాస్త అవతలే ఉన్నాడు. ఆమె వంక చూడలేదు.

“ముందే చెప్తున్నా, డబ్బాలో నోటు వేసి చిల్లర అడక్కండి,” అని కండక్టరక్క అందర్నీ నవ్వించి, కథ ఎత్తుకుంది.

కొట్టు ముందు, గల్లా దగ్గర, అయ్యగారి కూతుళ్లు, తెల్లటి అమ్మాయిలిద్దరు. జడలకు రిబ్బన్లు. వెనక, పొయ్యి దగ్గర, వాళ్ల ఈడుదే ఒక నల్లపిల్ల. పిండి పిసికేది ఆమె. కాల్చేది ఆమె. ముందుకు మాత్రం రాకూడదు. పళ్లాలు అందించడానికి గోడలో కిటికీ ఉండేది. మొహం కనిపిస్తోందని అయ్యగారు దాన్ని మూయించి, నడుమెత్తున కొత్తది కొట్టించాడు. చేతులు కనిపిస్తున్నాయని మోచేతుల దాకా తెల్ల తొడుగులు తెప్పించాడు. ఆమె కూడా అందరిలాగే తనను అయ్యగారూ అనే పిలవాలన్నాడు. ఆమెకు తల్లి పెట్టిన పేరుంది. కొట్లో మాత్రం ఆమె బొగ్గు.

ఓరోజు ఎవరో వచ్చి, రొట్టె నోట్లో కరిగిపోతోంది, ఎవరు చేస్తారండీ అని అడిగారు. అయ్యగారు గల్లా దగ్గరి అమ్మాయిల్ని చూపించాడు. కిటికీ వెనక నల్లపిల్ల ఆ మాట విన్నది. మర్నాడు తొడుగులు విప్పి పొయ్యిలో వేసింది. కాల్చబోయే ప్రతి రొట్టె మీదా బొటనవేలితో నొక్కింది. జనం ఆ గుంట రొట్టే కావాలన్నారు. అయ్యగారు కిమ్మనలేకపోయాడు.

హాల్లో ఎవరో చేతిలో రొట్టెను తిప్పి చూసుకున్నారు.

అయ్యగారు కర్రతో నేల మీద కొట్టాడు. సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ రొట్టెలక్క వైపు చూశాడు.

ఆమె రుమాలు పైకెత్తింది.

కండక్టరక్క మాట సగంలో తుంచేసింది. హాలంతా ఉసూరుమంది. అయ్యగారు కర్ర పక్కన ఆనించి జేబులో చెయ్యి పెట్టాడు.

రొట్టెలక్క లేచి వెళ్లి, కండక్టరక్క చేతిలోంచి మైకు తీసుకుంది.

“మిగతాది నేను చెప్తా,” అంది. “మా అక్క మరీ మెత్తగా చెప్తోంది. ఆ అయ్యగారు ఎక్కడో లేరు, ఇదిగో, ఈ వరుసలోనే ఉన్నారు. ఈ కథ ఆపితే అద్దె కడతానన్నారు. నా మొహం దాచారు, నా చేతులు దాచారు, ఇక మిగిలింది నోరు. హాలు పోతే పోనీండి. బస్టాండులో చెప్తాం. రోడ్డు మీద నిలబడి చెప్తాం. ఆపడం మాత్రం ఆపం.”

వెనకనుంచి ఒకావిడ లేచి డబ్బా దగ్గరికి నడిచింది. ఆవిడ వెనక ఇంకొకరు. చూస్తుండగానే జనం బారు కట్టారు.

అయ్యగారు లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. జనం దారిచ్చారు. ఒక్కరూ పలకరించలేదు. గుమ్మం దాటి, మసక మెట్ల పైన తడబడి ఆగిపోయాడు. కర్ర కుర్చీ పక్కనే ఉండిపోయింది.

రొట్టెలక్క ఆ కర్ర తీసుకుని వెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

“మెట్లు చూసుకుని దిగండి, నాన్నా,” అంది, మైకు ఇంకా చేతిలో ఉండగానే.